గొప్ప గాయకుడి పక్కన ప్రొడ్యూసర్ నిజంగా చేసే పని ఏమిటి? డేవిడ్ బోవీ రికార్డింగుల ఆధారంగా ఒక సమాధానం

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను. బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీతో పనిచేసిన ప్రొడ్యూసర్లు (డబ్బు పెట్టే నిర్మాతలు కాదు, పాట రికార్డింగ్‌ను దగ్గరుండి నడిపించేవారు), ముఖ్యంగా టోనీ విస్కాంటీ, పంచుకున్న జ్ఞాపకాలు మీరు చదివారు. వాటిలో కొంత మైకుల గురించీ యంత్రాల గురించీ ఉంది, కొంత బోవీ ఒకటి రెండు టేకుల్లోనే పాట ముగించేవాడన్న ఆశ్చర్యం ఉంది. గాయకుడే అంతటివాడైతే ప్రొడ్యూసర్ చేసిందేమిటి, ఏళ్లు గడిచాక చెప్పిన ఆ సంగతులను ఎంతవరకు నమ్మవచ్చు, ఈ వృత్తిలోకి ఇప్పుడే అడుగుపెడుతున్న మీరు వాటి నుండి ఏం తీసుకోవాలి అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెబితే నా సమాధానం ఇది. పాడేవాడు పాడుతున్నప్పుడు, వాయించేవాడు వాయిస్తున్నప్పుడు, అతని చెవికి ఏ శబ్దం అందాలో నిర్ణయించడమే ప్రొడ్యూసర్ పనుల్లో అన్నిటికంటే పెద్దది. పాట ముగిశాక దిద్దే మెరుగులన్నీ దాని తర్వాతివే. బోవీ ప్రొడ్యూసర్ల జ్ఞాపకాల్లో పైకి యంత్రాల కథల్లా కనిపించేవి నిజానికి ఈ పని గురించిన కథలే. మొదట సౌండ్ ఇంజనీరుగా, తర్వాత ప్రొడ్యూసర్‌గా చాలా ఏళ్లు కంట్రోల్ రూములో గడిపిన అనుభవంతో ఈ మాట అంటున్నాను. నమ్మకం విషయంలో కొన్ని జాగ్రత్తలు అవసరం, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

అందరూ చెప్పుకొనే డ్రమ్ శబ్దంతో మొదలుపెడదాం. 1976లో బోవీ, సంగీతకారుడు బ్రయాన్ ఈనో కలిసి ఒక కొత్త ఆల్బమ్ తలపెట్టి, నీ వంతుగా ఏం తేగలవని విస్కాంటీని ఫోనులో అడిగారు. అప్పటికి కొత్తగా వచ్చిన ఈవెంటైడ్ హెచ్910 హార్మనైజర్ తన దగ్గర ఉందనీ, అది కాలం అల్లికనే చెదరగొడుతుందనీ అతను కాస్త మొరటు మాట కలిపి జవాబిచ్చాడు. శబ్దం నడక వేగం మారకుండానే దాని శ్రుతిని పెంచడం, తగ్గించడం ఆ యంత్రం చేసే పని. ఫ్రాన్సులోని షాటో ద’ఎరూవిల్ స్టూడియోలో విస్కాంటీ, డ్రమ్మర్ డెనిస్ డేవిస్ వాయించే స్నేర్ డ్రమ్ (డ్రమ్ముల సెట్టులో పదునుగా మోగే చిన్న డ్రమ్) శబ్దాన్ని దానిలోకి పంపి, శ్రుతి కొద్దిగా దిగేలా అమర్చి, దిగిన శబ్దాన్నే మళ్లీ యంత్రంలోకి మళ్లించాడు. దాంతో దెబ్బ పడిన ప్రతిసారీ శబ్దం మెట్టు మెట్టుగా కిందికి జారసాగింది. 1977 జనవరిలో ‘లో’ ఆల్బమ్ వచ్చాక ఇతర ప్రొడ్యూసర్లు ఇదెలా సాధ్యమైందని అడిగితే, ఎలా చేసి ఉంటాననుకుంటున్నారని విస్కాంటీ ఎదురు ప్రశ్న వేసేవాడు. వాళ్లు చెప్పిన ఊహలు తనకు మరికొన్ని ఆలోచనలు ఇచ్చాయని కూడా చెప్పాడు.

ఈ కథ విన్నవాళ్లలో ఎక్కువమంది యంత్రం పేరు దగ్గరే ఆగిపోతారు. ఆ జారే శబ్దాన్ని డేవిస్ హెడ్‌ఫోన్లలో వింటూ వాయించాడని విస్కాంటీ చెప్పిన మాట నాకు యంత్రం పేరు కంటే ఎంతో విలువైనదిగా తోస్తుంది. బలంగా కొడితే శబ్దం ఒకలా జారుతుంది, మెల్లగా కొడితే మరోలా జారుతుంది. ఆ తేడా చెవిన పడిన డ్రమ్మర్ దానితో ఆడుకోవడం మొదలుపెడతాడు. అంటే ‘లో’లో మనం వినేది మామూలుగా వాయించిన డ్రమ్ములకు తర్వాత అంటించిన రంగు కాదు, ఆ శబ్దానికి స్పందిస్తూ ఒక మనిషి వాయించిన వాయిద్యం.

దీన్ని నేను నా పనిలో స్పష్టంగా చూశాను. ఒక యువ బృందం డ్రమ్ములన్నీ ముందే రికార్డు చేసుకుని నా దగ్గరకు వచ్చి, మిక్సింగ్‌లో, అంటే రికార్డైన శబ్దాల తూకం కుదిర్చే దశలో, వాటికి ‘లో’ తరహా శబ్దం తేగలరా అని అడిగింది. ఆ యంత్రం నమూనా ఇప్పుడు కంప్యూటర్‌లోనే దొరుకుతుంది కాబట్టి అమర్చడం నిమిషాల పని. అమర్చాక శబ్దం అచ్చంగా అలాగే ఉంది, పాట మాత్రం ఇరుకైపోయింది. స్నేర్ శబ్దం జారి ముగిసేలోపే తర్వాతి దెబ్బ వచ్చి దాని మీద పడుతోంది. అప్పుడు డ్రమ్మర్‌ను మళ్లీ కూర్చోబెట్టి, అదే శబ్దం అతని హెడ్‌ఫోన్లలోకి పంపి, ఒక పాట తిరిగి వాయించమన్నాను. నేనేమీ చెప్పకుండానే అతను స్నేర్ తర్వాత ఖాళీ వదలడం మొదలుపెట్టాడు. అలవాటుగా వేసే చిన్న చిన్న పూరకాలు సగానికి సగం మానేశాడు. బృందమంతా ఒకటి రెండు నిమిషాల్లో ఆ నడకకు సర్దుకుంది. పాటకు ఊపిరాడింది. మిక్సింగ్‌లో ఎన్ని గంటలు కూర్చున్నా ఆ ఖాళీలను నేను సృష్టించగలిగేవాడిని కాను.

ఇక ‘హీరోస్’ దగ్గరకు వద్దాం. గాత్రం రికార్డింగ్ గురించి నేర్చుకోవాలనుకునేవారు ఈ ఒక్క పాటను ఎంతసేపు పరిశీలించినా దండగ కాదు.

1977 వేసవిలో పశ్చిమ బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోలో ఈ పాట తయారైంది. కోతెనర్ వీధిలోని ఆ భవనంలో మైస్టర్‌సాల్ అనే పెద్ద హాలు ఉంది. స్టూడియోగా మారకముందు అది కచేరీలు జరిగిన చోటు. బెర్లిన్ గోడ అక్కడికి కూతవేటు దూరం. కంట్రోల్ రూము కిటికీలోంచి చూస్తే గోడా, అవతలి కాపలా బురుజూ కనిపించేవి. కార్లోస్ అలోమార్ గిటార్, జార్జ్ మరీ బాస్, డేవిస్ డ్రమ్ములు, బోవీ పియానోతో పాట చట్రం ముందే సిద్ధమైంది, కానీ దానికి మాటలు లేవు. దాని మీద ఈనో తన సూట్‌కేసు సింథసైజర్‌తో పొరలు వేశాడు. ఆ తర్వాత రాబర్ట్ ఫ్రిప్ వచ్చి గిటార్ వాయించాడు. ఫ్రిప్ స్పీకర్‌కు ఎంత దూరంలో నిలబడితే ఏ స్వరం ఫీడ్‌బ్యాక్‌గా (స్పీకర్ శబ్దమే గిటార్ తీగలను తిరిగి కదిలించడం వల్ల) నిలిచి మోగుతుందో కొలిచి, నేల మీద టేపు ముక్కలతో గుర్తులు పెట్టుకుని, స్వరానికో చోటికి జరుగుతూ వాయించాడని విస్కాంటీ చెప్పాడు. అలా వాయించిన మూడు టేకులనూ కలిపి ఉంచేశారు. పాట పొడవునా తీగలా సాగే ఆ నాదం అదే. గమనిస్తే ఇక్కడా సూత్రం ఒకటే: ఫ్రిప్ గిటార్‌ను ఎంత వాయించాడో ఆ గదిలో నిండిన శబ్దాన్నీ అంతే వాయించాడు.

అన్నీ నిండాక 24 ట్రాకుల టేపులో (ట్రాక్ అంటే టేపు మీద ఒక శబ్దాన్ని విడిగా నిలిపే వరుస) ప్రధాన గాత్రానికి ఒకే ఒక్క ట్రాక్ మిగిలింది. విస్కాంటీ మూడు మైకులు పెట్టాడు. ఒకటి బోవీ నోటికి జానెడు దూరంలో, రెండోది దాదాపు 6 మీటర్ల దూరంలో, మూడోది హాలు అవతలి కొసన దాదాపు 15 మీటర్ల దూరంలో. దూరపు మైకులు రెండింటికీ గేట్లు తగిలించాడు. గేటు అంటే శబ్దం ఒక స్థాయి దాటితే తప్ప దారి తెరవని పరికరం. బోవీ మొదటి చరణం దాదాపు మాట్లాడుతున్నట్టు పాడితే దగ్గరి మైకు ఒక్కటే పనిచేస్తుంది. గొంతు పెంచితే రెండో గేటు తెరుచుకుంటుంది. పైస్థాయికి వెళ్లి అరిచినట్టు పాడితే మూడోది తెరుచుకుని హాలంతా పాటలోకి వస్తుంది.

ఇది పని చేయడానికి కారణం మీకు తెలిసి ఉండాలి, లేకపోతే అనుకరణ దగ్గరే ఆగిపోతారు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి 6 మీటర్ల మైకును చేరడానికి గొంతుకు దాదాపు 17 మిల్లీసెకన్లు, 15 మీటర్ల మైకును చేరడానికి దాదాపు 44 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ ఆలస్యమే చెవికి గది పరిమాణాన్ని తెలియజేస్తుంది. దగ్గరి మైకు మీద కంప్రెసర్, అంటే శబ్దపు హెచ్చుతగ్గులను తగ్గించే పరికరం, గట్టిగా పనిచేస్తోంది కాబట్టి బోవీ ఎంత అరిచినా ఆ మైకు శబ్దం పెద్దగా పెరగదు, దూరపు మైకుల శబ్దం మాత్రం పెరుగుతూ పోతుంది. అందువల్ల పాట ముందుకు వెళ్లేకొద్దీ గాయకుడు మన నుండి దూరంగా జరుగుతున్నట్టూ, అదే సమయంలో మరింత గట్టిగా మనల్ని పిలుస్తున్నట్టూ వినిపిస్తుంది. గోడ నీడలో నిలబడ్డ ఇద్దరు ప్రేమికుల పాటకు ఇంతకంటే తగిన ధ్వని నేను ఊహించలేను.

మూడు మైకుల కలయిక ఆ ఒక్క ట్రాక్ మీదకే వెళ్లింది. కాబట్టి మరో టేకు కావాలంటే ముందుదాన్ని చెరిపేయాల్సిందే. ఈ విషయాన్ని చాలామంది ఆనాటి పరికరాల పరిమితిగా చెబుతారు. నేను దాన్ని ప్రొడ్యూసర్ చేతికి దొరికిన వరంగా చూస్తాను. తిరిగి రాని టేకు పాడుతున్నానని తెలిసిన గొంతుకూ, ఎన్నిసార్లయినా పాడవచ్చు, మంచి ముక్కలు ఏరి అతుకుతారులే అనుకునే గొంతుకూ మధ్య తేడా వినగానే తెలుస్తుంది. గేటు తెరుచుకునే స్థాయి కూడా ముందే నిర్ణయమైపోయింది. హాలును మేల్కొల్పాలంటే బోవీ నిజంగా గొంతెత్తాలి, వేరే దారి లేదు. విస్కాంటీ చేసిన అమరికకు అసలు ఫలితం నా దృష్టిలో ఇదే: భావం పెరిగితేనే గది తెరుచుకుంటుంది, గది తెరుచుకుంటే భావం ఇంకా పెరుగుతుంది.

ఈ పద్ధతిని చిన్న గదిలో ప్రయత్నించాలనుకుంటే ఒక హెచ్చరిక. గది పొడవు మూడు మీటర్లే అయితే దూరపు మైకుకు శబ్దం 9 మిల్లీసెకన్లలోపే చేరుతుంది. అంత తక్కువ ఆలస్యాన్ని చెవి విశాలతగా తీసుకోదు, గొంతు రంగు మారినట్టుగా మాత్రమే తీసుకుంటుంది. ఒక గాయనికి ఇలాంటి ధ్వని కావాల్సి వచ్చినప్పుడు నేను స్టూడియో తలుపు తెరిచి, దూరపు మైకును బయటి మెట్ల దారిలో, కింది అంతస్తు మలుపు దగ్గర పెట్టాను. మెట్ల దారి ప్రతిధ్వని ఆమె హెడ్‌ఫోన్లలోకి కూడా వెళ్లేలా చూశాను. మూడు మైకులనూ గేట్లు లేకుండా విడివిడి ట్రాకుల మీద రికార్డు చేసుకుని, గేట్ల పని తర్వాత చూసుకుందామని మా సహాయకుడు సూచించాడు. భద్రత కోసం అలా విడిగా ఉంచుకోవడంలో తప్పు లేదు. కానీ గేటు తెరుచుకోవడం పాడేవారికి పాడుతున్నప్పుడే వినిపించాలి. లేదంటే మెట్ల దారి వట్టి అలంకారమే. ఆమె మొదటిసారి పైస్థాయి అందుకున్నప్పుడు బయటి ప్రతిధ్వని చెవిన పడగానే ఒక్క క్షణం తడబడింది, రెండోసారి దాని కోసమే ఎదురుచూస్తూ పాడింది. ఆ టేకే ఉంచుకున్నాం.

హెడ్‌ఫోన్ల మాట వచ్చింది కాబట్టి కొత్తవారు తరచుగా పట్టించుకోని ఒక సంగతి చెబుతాను. గాయకుడి సొంత గొంతు హెడ్‌ఫోన్లలో మరీ ఎక్కువగా వినిపిస్తే అతను భయపడుతున్నట్టు ముడుచుకుని పాడతాడు, శ్రుతి కిందికి జారుతుంది. మరీ తక్కువగా వినిపిస్తే గొంతు మీద బలం పెడతాడు, శ్రుతి పైకి పోతుంది. ప్రతిధ్వని ఎక్కువ కలిపి ఇస్తే హాయిగా పాడతాడు కానీ పదాల అంచులు మొద్దుబారతాయి. ఇవి అందరికీ ఒకేలా వర్తించే నియమాలు కావు, అయితే శ్రుతి తప్పుతోందని గాయకుడిని తప్పుపట్టే ముందు ఆ హెడ్‌ఫోన్లు మీరు పెట్టుకుని ఒకసారి వినండి. సగం సందర్భాల్లో సమస్య అక్కడే బయటపడుతుంది. ఒక చెవి తీసేసి పాడమనడం కూడా చాలాసార్లు పనిచేస్తుంది.

ఇప్పటివరకు చెప్పినదంతా విస్కాంటీ తరహా. బోవీతో పనిచేసిన ప్రొడ్యూసర్లందరూ ఒకే పని చేయలేదు. కెన్ స్కాట్ సంగతి చూడండి. అబీ రోడ్‌లో బీటిల్స్‌కు ఇంజనీరుగా చేసి వచ్చిన స్కాట్ 1971 నుండి 1973 వరకు ‘హంకీ డోరీ’, ‘జిగ్గీ స్టార్‌డస్ట్’ సహా నాలుగు ఆల్బమ్‌లను బోవీతో కలిసి ప్రొడ్యూస్ చేశాడు. వాటిలోని గాత్రాల్లో 95 శాతం మొదటి టేకులేననీ, మొదటి నుండి చివరి వరకు ఆగకుండా పాడినవేననీ అతను ఎన్నోసార్లు చెప్పాడు. మిక్సింగ్‌ను బోవీ దాదాపుగా స్కాట్‌కే వదిలేసేవాడు. అలాంటి గాయకుడితో ప్రొడ్యూసర్ భారం పాటకు ముందే ఉంటుంది. మొదటి టేకే ఆఖరి టేకు అవుతుందని తెలిసినప్పుడు మైకు ఎంపికా, శబ్ద స్థాయీ, హెడ్‌ఫోన్ల అమరికా గాయకుడు గదిలోకి రాకముందే సిద్ధంగా ఉండాలి. సరిచూసుకోవడానికి రెండో అవకాశం అడిగితే గాయకుడిలో అప్పటికి కూడిన ఊపు పోతుంది. బయటివారికి ఈ పని కనిపించదు. అందుకే మొదటి టేకుల కథ విని ప్రొడ్యూసర్ ఏమీ చేయలేదనుకుంటారు.

స్కాట్ చెప్పిన మరో సంగతి నాకు చాలా ఇష్టం. లండన్‌లోని ట్రైడెంట్ స్టూడియోలో ‘లైఫ్ ఆన్ మార్స్?’ రికార్డు చేస్తుండగా, రిక్ వేక్‌మన్ పియానోతో బాగా సాగిన ఒక టేకు చివర్లో పక్కన ఎక్కడో ఫోను మోగి టేకు పాడైంది. మళ్లీ వాయించి దాని మీదే రికార్డు చేశారు. అయితే పాత టేకు తోక టేపు మీద మిగిలిపోయింది. తంత్రీ వాద్యాల ఆఖరి స్వరం సద్దుమణిగాక ఆ పియానో, ఆ ఫోను గంట వినిపించాయి. వాటిని చెరపకుండా పాట చివర అలాగే ఉంచారు. నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట వచ్చిన శబ్దాన్ని లోపంగా చూడాలా, పాటలో భాగంగా చూడాలా అన్నది అక్కడికక్కడ తేల్చాల్సిన విషయం. అలా తేల్చగలగడానికి పాట గురించి స్పష్టమైన అభిప్రాయం ఉండాలి, కేవలం పరికరాల జ్ఞానం చాలదు.

నైల్ రోజర్స్‌ది ఇంకో దారి. ‘లెట్స్ డాన్స్’ పాటను బోవీ మొదట గిటార్ మీద జానపద గీతంలా వినిపించాడనీ, అందులో నాట్యం లేదని తనకు అనిపించిందనీ, అప్పుడు తాను దాని స్వరమేళనాన్నీ లయనూ తిరిగి కట్టాననీ రోజర్స్ చెబుతాడు. న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ స్టూడియోలో ఆ ఆల్బమ్‌ను 17 రోజుల్లో పూర్తి చేశారు. అందులో బోవీ ఏ వాయిద్యమూ వాయించలేదు. 1983లో ఆ పాట బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరింది. ఇక్కడ ప్రొడ్యూసర్ చేసింది దాదాపు సంగీత దర్శకుడి పని. ఒకే గాయకుడికి ఒక దశలో శబ్దాన్ని వెతికే తోడు కావాలి, మరో దశలో సిద్ధంగా ఉండే చేయి కావాలి, ఇంకో దశలో పాటను విప్పి మళ్లీ కుట్టే మనిషి కావాలి. ఎదుటివారికి ఆ సమయంలో ఏది అవసరమో గుర్తించలేని ప్రొడ్యూసర్ ఎంత నేర్పరి అయినా అడ్డంగానే ఉంటాడు.

ఇక జ్ఞాపకాలను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న. నేను వాటిని మూడు రకాలుగా చూస్తాను. టేపు మీద చెవికి వినిపించే సంగతులు మొదటి రకం: ‘హీరోస్’లో గది ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరైనా విని సరిచూసుకోవచ్చు. ఇలాంటివి ప్రొడ్యూసర్ చెబితే నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు. ఎవరు ఏం చేశారన్న పంపకం రెండో రకం, ఇక్కడ జాగ్రత్త అవసరం. ‘లో’, ‘హీరోస్’, ‘లాడ్జర్’ ఆల్బమ్‌లను ఈనో ప్రొడ్యూస్ చేశాడని ఇప్పటికీ చాలామంది రాస్తారు. ఆల్బమ్‌ల మీద ప్రొడ్యూసర్లుగా ఉన్న పేర్లు బోవీ, విస్కాంటీలవి. ఈనో సహ రచయితగా, వాద్యకారుడిగా ఎంతో చేశాడు, కానీ అది వేరు. ఈ పొరపాటును సరిదిద్దడానికి విస్కాంటీ ఏళ్ల తరబడి ప్రయత్నించాడు. అతని మాటల్లో తన భాగం గురించిన పట్టుదల కనిపిస్తే దానికి ఈ నేపథ్యం ఉందని గుర్తుంచుకోవాలి.

గాయకుడి మనసులో ఏముందన్నది మూడో రకం. దీనిలో ప్రొడ్యూసర్ జ్ఞాపకానికి చాలా పెద్ద హద్దు ఉంది, ‘హీరోస్’ కథే దానికి సాక్ష్యం. మాటలు రాసుకోవడానికి ఒంటరిగా వదిలేయమని బోవీ అడిగితే విస్కాంటీ బయటికి నడిచాడు. అతని వెంట నేపథ్య గాయని ఆంటోనియా మాస్ ఉంది. గోడ దగ్గర వాళ్లిద్దరూ ముద్దు పెట్టుకోవడం కిటికీలోంచి బోవీ చూశాడు, అదే పాటలోకి వెళ్లింది. విస్కాంటీకి అప్పటికి పెళ్లయి ఉండటంతో బోవీ ఎన్నో ఏళ్లపాటు ఎవరో ఇద్దరు అపరిచితుల్ని చూశానని చెబుతూ వచ్చి, 2003లో అసలు సంగతి బయటపెట్టాడు. మైకుల దూరాలు అంత బాగా చెప్పగల మనిషి, మాటలు పుట్టిన ఆ నిమిషంలో కంట్రోల్ రూములోనే లేడు. పాట లోపల ఉన్నాడు. గాయకుడి భావం ఎక్కడి నుండి వచ్చిందో ప్రొడ్యూసర్ చెబుతున్నప్పుడు నేను ఈ సంఘటనను తప్పక గుర్తుచేసుకుంటాను.

వాతావరణం గురించిన చిన్న చిన్న కథలు వేరు. హాన్సాలో ఇంజనీరు ఎడ్వర్డ్ మేయర్ ఒక సాయంత్రం బల్ల దీపాన్ని కాపలా బురుజు వైపు తిప్పితే, బోవీ, విస్కాంటీ భయపడి కిందికి వంగిపోయారని చెబుతారు. ఇలాంటివాటి వివరాలు చెప్పిన ప్రతిసారీ కొంచెం మారవచ్చు, వాటితో ఇబ్బంది లేదు. ఆ గదిలో కూర్చున్నవారికి గోడ ఎంత దగ్గరగా అనిపించేదో అవి చెబుతాయి, అంతవరకు చాలు.

నమ్మదగిన జ్ఞాపకానికి నేను చూసే గుర్తు ఇంకొకటి ఉంది: చెప్పేవాడు తనకు అనుకూలం కాని సంగతులు కూడా చెప్పాలి. 1969లో ‘స్పేస్ ఆడిటీ’ పాటను విస్కాంటీ కాదన్నాడు. చంద్రయానం చుట్టూ ఉన్న సందడిని వాడుకునే ఎత్తుగడలా అతనికి అనిపించింది. పాట గస్ డడ్జన్ చేతికి వెళ్లింది, అపోలో 11 బయలుదేరడానికి కొద్దిరోజుల ముందు విడుదలై, బ్రిటన్‌లో ఐదో స్థానం వరకు వెళ్లింది. ఈ సంగతిని విస్కాంటీ దాచలేదు. 1982లో తనను తీసుకుంటారని తేదీలు ఖాళీగా ఉంచుకుంటే, బోవీ అప్పటికే రోజర్స్‌తో స్టూడియోలో ఉన్నాడని ఆలస్యంగా తెలిసిందనీ, అది తనను బాధపెట్టిందనీ కూడా చెప్పాడు. ఆ తర్వాత వాళ్లిద్దరి పేర్లతో ఒక కొత్త ఆల్బమ్ రావడానికి 2002లో ‘హీథెన్’ వరకు ఆగాల్సి వచ్చింది.

ఆ రెండో విడత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మైకులతో సంబంధం లేని ఒక బాధ్యత అందులో ఉంది. ‘ద నెక్స్ట్ డే’ ఆల్బమ్ పని దాదాపు రెండేళ్లు రహస్యంగా సాగింది. పనిచేసినవారంతా ఒప్పందాల మీద సంతకాలు చేశారు. బోవీ 66వ పుట్టినరోజైన 2013 జనవరి 8న మొదటి పాట బయటికి వచ్చేవరకు లోకానికి ఏమీ తెలియదు. ఆ రోజుల్లో తాను న్యూయార్క్ వీధుల్లో ఆ పాటలను హెడ్‌ఫోన్లలో వింటూ నడిచేవాడిననీ, బోవీ బొమ్మ ఉన్న చొక్కాలు వేసుకున్నవాళ్లు ఎదురైతే తాను ఏం వింటున్నాడో వాళ్లకు తెలిస్తే ఎలా ఉంటుందో అనుకునేవాడిననీ విస్కాంటీ గుర్తుచేసుకున్నాడు. ‘బ్లాక్‌స్టార్’ నాటికి మోయాల్సిన రహస్యం ఇంకా బరువైంది. 2015 మొదట్లో డానీ మెక్‌కాస్లిన్ జాజ్ బృందంతో రికార్డింగ్ జరుగుతున్నప్పుడు బోవీ అనారోగ్యం సంగతి విస్కాంటీకి తెలుసు. ఆల్బమ్ 2016 జనవరి 8న వచ్చింది, రెండు రోజులకు బోవీ మరణించాడు. స్టూడియోలో తెలిసినది స్టూడియోలోనే ఉండాలి. గాయకుడు తన బలహీనతను మీ ముందు బయటపెట్టగలిగితేనే మంచి టేకు వస్తుంది, ఆ నమ్మకం ఒకసారి పోతే ఏ అమరికా దాన్ని తిరిగి తేలేదు. నేను కూడా నాతో పనిచేసిన గాయకుల పేర్లను అందుకే ఇక్కడ రాయలేదు.

మీ చివరి ప్రశ్నకు, అంటే మీరేం చేయాలన్నదానికి, ఆచరణలో పెట్టగల మాటలు చెబుతాను. బోవీ రికార్డింగుల్లోని పరికరాల జాబితా సేకరించడానికి సమయం వెచ్చించకండి. ముందు ‘హీరోస్’ను మంచి హెడ్‌ఫోన్లలో వింటూ గాత్రం చుట్టూ గది ఏ చరణం దగ్గర మారుతుందో, ఎన్నిసార్లు మారుతుందో కాగితం మీద గుర్తుపెట్టుకోండి. తర్వాత ‘లో’ మొదటి వైపు పాటల్లో స్నేర్ దెబ్బకూ దెబ్బకూ మధ్య డేవిస్ ఎంత చోటు వదిలాడో గమనించండి. ఆ పైన ‘హంకీ డోరీ’లో ఒక పాటను మాటలు పక్కనపెట్టి ఊపిరి ఎక్కడెక్కడ తీసుకున్నాడో మాత్రమే వినండి. ఒకే టేకుగా పాడిన గొంతులో ఊపిరికి ఒక వరుస ఉంటుంది. ముక్కలు అతికిన గాత్రాల్లో అది తెగుతుంది.

మీ తర్వాతి రికార్డింగ్‌లో ఒక్క పాటకైనా ధ్వనిని ముందే నిర్ణయించి, అదే ధ్వనిని పాడేవారికి వినిపిస్తూ, అదే ధ్వనితో రికార్డు చేయండి. భద్రత కోసం శుభ్రమైన శబ్దాన్ని పక్క ట్రాక్ మీద ఉంచుకోండి, కానీ అది ఉందని గాయకుడికి చెప్పకండి. టేకుల సంఖ్యకు ముందే హద్దు పెట్టండి, దాన్ని అందరి ముందూ చెప్పండి. అయితే పాడేవారు కొత్తవారైతే, లేదా ఆ రోజు గొంతు సహకరించకపోతే, ఈ హద్దు వారిని కుంగదీస్తుంది. అలాంటప్పుడు దాన్ని పక్కనపెట్టి, హెడ్‌ఫోన్లలో గొంతుకూ వాద్యాలకూ మధ్య తూకం సరిచేయడంతో మొదలుపెట్టండి.